ఉట్నూరు కారు మూత, ఖాజా మియా నౌకరి

ఈ పత్రికలో వృత్తి అనుభవాల శీర్షిక మొదలై రెండేళ్లు దాటింది. డాక్టర్లు రాశారు, ప్లీడర్లు రాశారు, ఒక స్టేషన్ మాస్టరు రెండుసార్లు రాశారు. మోటారు మెకానిక్కు ఇంతవరకూ చోటు దొరకలేదు. నేను మూడు ఉత్తరాలు రాశాను. మొదటి రెంటికి జవాబు లేదు. మూడోదానికి ఒక కార్డు వచ్చింది: క్లుప్తంగా, ఎవరి మీదా నిందలు లేకుండా రాస్తే పరిశీలిస్తామని. స్టేషన్ మాస్టరు గారికి కూడా ఈ షరతు పెట్టారో లేదో నాకు తెలియదు. ఆఫీసు పేరు రాయను, ఆఫీసరు పేరు రాయను. అంతకన్నా ఎక్కువ హామీ ఇవ్వలేను. జరిగింది జరిగినట్టు రాస్తే నింద ఎవరికి తగలాలో వాళ్లకు తగులుతుంది. అందులో కొంత నాకూ తగులుతుంది, దాన్ని దాచను.

అది 1957. మంచిర్యాల స్టేషన్ రోడ్డులో నా రేకుల షెడ్డు. ఎక్కువగా బొగ్గు లారీలు వచ్చేవి, అప్పుడప్పుడు కాంట్రాక్టర్ల జీపులు. నేను హైదరాబాదులో పని నేర్చుకున్నాను. బడిలో చదివింది ఉర్దూ, పనిముట్ల పేర్లు నేర్చుకున్నది ఉర్దూలో, షెడ్డు పెట్టాక రాసిన ప్రతి కాగితమూ ఉర్దూలోనే. ఆ రోజుల్లో అందరూ అంతే. ఈ సంగతి ముందే చెబుతున్నాను, ఎందుకంటే తర్వాత దీన్నే నా నేరంగా చూపించారు.

కేసు ఒక నల్ల కారుది. ఉట్నూరులోని ఒక సర్కారు ఆఫీసు వాళ్లది. యుద్ధానికి ముందు దిగుమతి అయిన బండి. నిజాం రోజుల్లో ఎవరో పెద్ద అధికారి వాడాడట. రాజ్యం మారాక చేతులు మారి మారి చివరికి ఏజెన్సీ అడవిలోకి వచ్చి పడింది. ఇరవై ఏళ్ల బండిలో ఏముంటాయో చెబుతాను. పిస్టన్ రింగులు అరిగి ఉంటాయి. అవి పిస్టన్ చుట్టూ ఉండే ఉక్కు చుట్లు. అరిగితే బండి నూనె తాగుతుంది, పెట్రోలు తాగుతుంది, ఎత్తు ఎక్కదు. రేడియేటర్ అడుగున బురద పేరుకుంటుంది. వైర్ల మీద రబ్బరు పొడిపొడిగా రాలుతుంది. ఇవన్నీ ఆ కారుకు ఉన్నాయి. ఇవేవీ దాన్ని దారిలో ఆపలేదు.

దాని డ్రైవరు ఖాజా మియా. అప్పటికి యాభై దాటిన మనిషి. కారుతో పాటే ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు బదిలీ అవుతూ వచ్చాడు. నేను చిచ్చా, అంటే బాబాయ్, అనేవాణ్ణి, ఆయన నన్ను లచ్చన్నా అనీ, మనసు బాగుంటే బేటా అనీ పిలిచేవాడు. తన బండి మీద నా పనివాళ్లను చెయ్యి వేయనిచ్చేవాడు కాదు. స్పానర్ జారి పెయింటుకు గీత పడితే ఆ పూట నాతో మాట్లాడేవాడు కాదు.

మార్చిలో మొదటిసారి కారు తెచ్చాడు. ఎనిమిది పది మైళ్లు బాగానే వస్తుంది, తర్వాత దగ్గుతుంది, లాగడం మానేస్తుంది, ఆగిపోతుంది. అప్పుడు నువ్వేం చేస్తావని అడిగాను. దిగి బానెట్ ఎత్తుతానని, పెట్రోలు ఉందో లేదో చూద్దామని వెనక ట్యాంకు మూత తీస్తానని, మళ్లీ మూత పెట్టి సెల్ఫ్ కొడితే లేస్తుందని చెప్పాడు. మళ్లీ పది మైళ్లకు అదే తంతు.

"గీ బండికి దమ్ము ఆడుతలేదు లచ్చన్నా," అన్నాడు. "జరసేపు మూత తీసి పెడితే దమ్ము తీసుకుంటది. మల్ల నడుస్తది."

నేను నవ్వాను. బండికి ఊపిరితిత్తులు ఎక్కడున్నాయో చూపించు చిచ్చా, వాటికీ గ్రీజు పెడతాను అన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఆయనా నవ్వాడు. "ఉన్నయో లేవో చెప్పుడు నీ పని, నా పని కాదు," అన్నాడు.

నేను చెప్పిన రోగం వేపర్ లాక్. ఎండలో ఇంజను వేడికి పైపులోని పెట్రోలు ఆవిరై బుడగ కడుతుంది. ట్యాంకు నుంచి పెట్రోలు లాగే ఫ్యూయల్ పంపు ఆ బుడగను తోయలేదు, బండి ఆగుతుంది. చల్లారితే లేస్తుంది. లక్షణాలు అచ్చం అవే. మార్చి ఎండ, పాత బండి, అడవిలో ఎత్తు దారి. పంపు చుట్టూ తడి గోనెపట్టా చుట్టి, దారిలో నీళ్లు పోస్తూ ఉండమని పంపించాను. పుస్తకం ప్రకారం నేను చేసిందాంట్లో తప్పు లేదు. ఈ మాట అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. కానీ ఒక మనిషి తన బండికి ఏ మందు పనిచేస్తున్నదో నోటితో చెబుతుంటే నేను నవ్వాను. అది ఏ పుస్తకంలోనూ లేదు.

మేలో కారు రెండోసారి వచ్చింది. ఈసారి ఖాజా మియా పక్కన ఆఫీసు పెద్ద గుమాస్తా కిషన్ రావు ఉన్నాడు. అందరూ ఆయన్ను పంతులు అనేవాళ్లు. బక్కపలచని మనిషి, నుదుటి మీద కొండగట్టు ఆంజనేయస్వామి సింధూరం వెడల్పుగా ఉండేది. షెడ్డులో ఉన్న ఒకే కుర్చీలో అడగకుండా కూర్చున్నాడు. నన్ను కూర్చోమనలేదు, అది నా కుర్చీ అయినా.

సంగతి ఇది. అడవి శాఖ జవాను ఒకడు జన్నారం దారిలో ఖాజా మియాను చూశాడు. బండి పక్కకు ఆపి, ట్యాంకు మూత తీసి నిలబడ్డాడని, ఒక్కసారి కాదు, వేర్వేరు రోజుల్లో నాలుగుసార్లు చూశానని వాఙ్మూలం ఇచ్చాడు. డిక్కీ వెతికితే రబ్బరు గొట్టం దొరికింది. ట్యాంకులోంచి పెట్రోలు తీయడానికి పనికొచ్చే గొట్టమది. అప్పట్లో ఆ గొట్టం లేని డ్రైవరు ఈ జిల్లాలో ఒక్కడు లేడు. దానికి తోడు బండి పెట్రోలు ఎక్కువ తాగుతున్నది. ఎందుకు తాగుతున్నదో పైన చెప్పాను. నన్ను ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. అడవిలో బండి ఆపి పెట్రోలు తీసి అమ్ముకుంటున్నాడని ఆఫీసరు నమ్మాడు.

పంతులు నా చేతిలో చీటీ పెట్టాడు. ఈ కారును మాటిమాటికీ ఆపవలసిన లోపం ఏదైనా ఉందా, లేదా? పరీక్షించి రాసి ఇవ్వాలి. ఉందంటే డ్రైవరు మాట నిజం. లేదంటే దొంగ.

నేను శ్రద్ధగానే చూశాను. ప్లగ్గులు, పాయింట్లు, కార్బురేటర్ అన్నీ విప్పాను. పంపులో డయాఫ్రం మార్చాను. డయాఫ్రం అంటే పంపు లోపల పైకీ కిందికీ ఆడే గుడ్డ పొర, అది చిరిగితే పెట్రోలు రాదు. ట్యాంకు అడుగున మురికి ఉంటుందేమోనని ట్యాంకు దించి కడిగాను. అప్పుడు తీసిన మూత బల్ల మీద తట్టలో పడేశాను, ట్యాంకు నోట్లో గుడ్డపేలిక కుక్కాను. అలాగే ట్రయలుకు బయల్దేరాను. లక్సెట్టిపేట దాకా పోయి వచ్చాం. నేను నడిపాను, పక్కన ఖాజా మియా, వెనక పంతులు. మిట్టమధ్యాహ్నం మే ఎండ. కారు ఒక్కచోట ఆగలేదు. ఒక్క దగ్గు దగ్గలేదు.

తిరుగుదారిలో ఖాజా మియా నా చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు. "నీ చేతిల మంచిగనే నడుస్తున్నది," అన్నాడు ఒక్కసారి. అది మెచ్చుకోలు కాదు.

నేను ఉర్దూలో నాలుగు పంక్తులు రాశాను. బండిని పరీక్షించాను, ముప్పై మైళ్లకు పైగా నడిపాను, దారిలో ఆపవలసిన లోపం ఏదీ కనబడలేదు. కింద దస్తఖత్తు. పంతులు చదువుకుని, సిరా ఆరేలా ఊది, మడిచి కోటు జేబులో పెట్టుకున్నాడు.

ఏం రాశావని ఖాజా మియా అడిగాడు. బండి మంచిగున్నదని రాసిన అన్నాను.

"మంచిగుంటే నేనెందుకు ఆపినట్టు?"

చూసిందే రాశానని చెప్పాను. ఆయన తట్టలోంచి మూత తీసుకుని, అంచు పట్టుకుని జాగ్రత్తగా ట్యాంకుకు బిగించి, పంతులుకు వెనక తలుపు తీశాడు. పదిహేను రోజులకు సస్పెండ్ అయ్యాడని జన్నారం లారీ వాళ్లు చెప్పారు.

జులైలో నాకు కబురు వచ్చింది. కారు ఇంధనపల్లి దాటాక అడవిలో నిలిచిపోయింది, ఆఫీసరు అందులోనే ఉన్నాడు, వెంటనే రావాలి. కలప లారీ ఎక్కి వెళ్లాను. ముందురోజు నుంచి ముసురు పట్టి ఉంది. ఆఫీసరు కృష్ణా జిల్లా వైపు మనిషి, రాష్ట్రం కలిశాక వచ్చినవాడు. కారులో కూర్చుని అద్దం రెండు వేళ్ల మేర దించి మాట్లాడాడు.

"ఏమయ్యా, రెండుసార్లు నీ షెడ్డుకు వచ్చిన బండే కదా ఇది. ఏం బాగుచేశావు?"

నేను వానలో నిలబడి ఉన్నాను. ఆ అద్దం ఆయన పూర్తిగా దించలేదు. ఈ సంగతి చిన్నదే, కాని నేను మరిచిపోలేదు.

కొత్త డ్రైవరు చెప్పింది అదే కథ. పది మైళ్లకు ఆగింది. అరగంట ఆగితే లేస్తుంది, మైలు రెండు మైళ్లు పోయి మళ్లీ ఆగుతుంది. మూత తీసి చూశావా అని అడిగాను.

"అమ్మో, మూత ముట్టుకోవద్దని ఆర్డర్ ఉన్నది. ఆఫీసుల పంతులు ముందటనే తీయాలె. ముట్టుకుంటే ఖాజా మియా గతే నాకు పడుతది."

నేను స్టీరింగ్ తీసుకున్నాను. లేచింది. ఏడు మైళ్లు నడిచి నా చేతిలోనే దగ్గి ఆగింది. దిగి పంపు మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. ముసురులో, చల్లటి పంపుతో వేపర్ లాక్ ఎలా వస్తుంది? మార్చిలో నేను చెప్పిన రోగం అక్కడే అబద్ధమైపోయింది. ప్లగ్గులో నిప్పు బాగుంది. కార్బురేటర్ గిన్నె విప్పితే ఎండిపోయి ఉంది. పంపు దగ్గర పైపు విప్పితే చుక్క రాలేదు. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉందని గేజీ చెబుతోంది. పెట్రోలు ఉంది, పంపు ఉంది, దారి ఉంది, రావడం లేదు.

అప్పుడు ఖాజా మియా ఏం చేసేవాడో అది చేద్దామని వెనక్కి నడిచాను. మూత పట్టుకుని తిప్పాను. బిగుసుకుని ఉంది. బలం పెట్టి తిప్పేసరికి ఉస్సుమని గాలి లోపలికి పోయింది. ఎంతసేపు పోయిందో. కారులోంచి ఆఫీసరు ఏమిటా చప్పుడు అని అడిగాడు. గాలి సార్ అన్నాను. 

తెలియనివాళ్ల కోసం చెబుతాను. ట్యాంకు మూత మధ్యలో సూదిమొన అంత సన్నటి రంధ్రం ఉంటుంది. దాన్ని వెంట్ హోల్ అంటారు. ట్యాంకులోంచి ఎంత పెట్రోలు బయటికి పోతే అంత గాలి ఆ రంధ్రం గుండా లోపలికి రావాలి. అది మూసుకుపోతే ట్యాంకులో శూన్యం ఏర్పడుతుంది, పంపు ఎంత గుంజినా పెట్రోలు రాదు. మూత తీస్తే గాలి దూరి అంతా సరి. మళ్లీ పది మైళ్లకు మొదటికి వస్తుంది. ఖాజా మియా దమ్ము అన్నది ఇదే. నేను ట్రయలు చేసినప్పుడు మూత నా బల్ల మీద ఉంది, ట్యాంకు నోట్లో గుడ్డ ఉంది. గుడ్డలోంచి గాలి పోతుంది. అంటే రోగాన్ని షెడ్డులో వదిలి, రోగం లేదని కాగితం రాసి ఇచ్చాను.

మూతను వెలుతురులో పట్టి చూశాను. పైన మందంగా ఎర్రటి పెచ్చు, రాయిలా గట్టిపడి ఉంది. గోటితో గీకితే వాసన తెలిసింది. సింధూరం, నువ్వుల నూనె. మేం పైపు జాయింట్లు కారకుండా పూసే ఎర్ర సీసం మందు కూడా నూనెలో కలిపిన అదే పదార్థం. రోడ్డు దుమ్ము కలిసి ఎండితే ఉలితో కొట్టాలి. ఆఫీసరు దగ్గర గుండుసూది అడిగి తీసుకుని రంధ్రం తెరిచాను. అక్కణ్ణుంచి ఉట్నూరు దాకా కారు ఆగలేదు.

మరునాడు పొద్దున ఆఫీసు వరండాలో పంతులును అడిగాను. ఆయనేం దాచలేదు. ప్రతి మంగళవారం కొండగట్టు సింధూరం నూనెలో కలిపి కారుకు పెడుతున్నానని గర్వంగానే చెప్పాడు. బానెట్ మీద నుదుటి బొట్టు, స్టీరింగ్ మీద ఒకటి, పెట్రోలు మూత మీద ఒకటి. బండి తినేది అక్కడే కాబట్టి అది దాని నోరట, నోటి దగ్గర దేవుడు ఉండాలట. అంత పాత బండి అడవిలో ఒక్కసారీ బోల్తా పడలేదంటే అందుకేనట.

నేను అక్కడే కూర్చుని రిపోర్టు రాశాను. మూత రంధ్రం సింధూరంతో మూసుకుపోవడం వల్ల బండి ఆగుతూ వచ్చింది, మూత తీస్తేనే నడుస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగేది అరిగిన రింగుల వల్ల, డ్రైవరు ఖాజా మియా మూత తీసింది అందుకే, మేలో నేను రాసిన కాగితం తప్పు. మొదటి కాగితంలాగే ఇదీ ఉర్దూలో. పంతులు మొత్తం చదివాడు. 

"దేవుని మీద పెడుతున్నవా నేరం?"

దేవుడి మీద కాదు, మూత మీద పెడుతున్నానని చెప్పాను.

"సింధూరం మాట తీసెయ్. మట్టి అని రాయి. మట్టితోని మూసుకున్నదంటే నేనే సార్ ముందట పెట్టి దస్తఖత్తు చేపిస్త. ఖాజా మియా రేపే నౌకరిల చేరుతడు. నాకు ఆయన మీద ఏం పగ లేదు."

మట్టి కాదు కదా అన్నాను. కాగితం తీసుకుని నేరుగా ఆఫీసరు గదిలోకి వెళ్లాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి బల్ల మీద పెట్టాడు.

"ఇది ఉర్దూ కదయ్యా. నేను చదవలేను. తెలుగులో కానీ ఇంగ్లీషులో కానీ రాసి తీసుకురా, చూద్దాం."

నోటితో చెబుతాను సార్ అన్నాను. నోటిమాట ఫైలులో పెట్టలేం అన్నాడు. మరి మేలో నేను రాసిన కాగితం ఏ భాషలో ఉందని అడిగాను. ఆయనకు కోపం వచ్చింది, బయటికి పొమ్మన్నాడు. నేను అడిగినదాంట్లో తప్పేముందో ఈ రోజుకీ నాకు తెలియదు. దొంగ అని చెప్పడానికి పనికొచ్చిన ఉర్దూ, దొంగ కాదని చెప్పడానికి పనికిరాలేదు. మొదటిదాన్ని పంతులు చదివి వినిపించాడు. రెండోదాన్ని చదవలేదు. అంతే తేడా.

ఖాజా మియా క్వార్టరుకు వెళ్లాను. భార్యాభర్తలు ఇద్దరూ సామాను మూటలు కడుతున్నారు. జరిగింది చెప్పాను. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. దమ్ము ఆడటం లేదని మార్చిలోనే చెప్పానన్నట్టు తలూపాడు. ఒక్కటి నాకు అర్థం కాలేదు. కారుకు గీత పడితే మాట్లాడటం మానేసే మనిషి, వారానికి రెండుసార్లు బండి తుడిచే మనిషి, ఆ పెచ్చు ఎందుకు తీయలేదు? అదే అడిగాను.

"చుట్టూత కడిగిన. ఆ బొట్టు ముట్టలే," అన్నాడు. "పోలీస్ యాక్షన్ అయి ఎన్ని దినాలైంది బేటా? దేవుని బొట్టు తుడిసిండని ఎవడన్న ఒక్క మాటంటే నేను ఎవనికి చెప్పుకోవాలె? పంతులు పెట్టిండు, ఉండనీ అనుకున్న. మూత తీసినప్పుడు గూడ అంచులు పట్టుకునే తీసేటోణ్ణి."

మట్టి అని రాయమంటున్నాడని చెప్పాను. రాయనన్నానని కూడా చెప్పాను, మెచ్చుకుంటాడనుకున్నానేమో. ఆయన మూట కట్టడం ఆపాడు.

"మట్టి అని రాయి లచ్చన్నా. నీదేం పోతది?"

"అబద్ధం చిచ్చా అది. ఒక్కసారి తప్పు రాసి నిన్ను గీ గతికి తెచ్చిన. మల్ల తప్పు రాయమంటవా?"

"నీ సచ్చాయి నువ్వే పెట్టుకో," అన్నాడు. "నా నౌకరి నాకిప్పియ్యి."

ఆయన భార్య నాకు మంచినీళ్లు ఇచ్చింది. తాగి వచ్చేశాను. మట్టి అని రాయలేదు.

మంచిర్యాల వచ్చాక తెలుగు రాయడం నేర్చుకున్నాను. మాట్లాడే భాషే, కానీ అక్షరాలు చెయ్యి తిరగాలి. షెడ్డు పక్క స్కూలు పంతులమ్మ దగ్గర పలక మీద మొదలుపెట్టాను. చూసినవాళ్లు నవ్వారు, ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. దసరా లోపల అదే రిపోర్టు తెలుగులో రాసి రిజిస్టరు పోస్టులో పంపాను. సింధూరం మాట అందులో ఉంది. జవాబు రాలేదు. ఇంకోటి పంపాను. జవాబు రాలేదు. జిల్లా కచ్చేరీకి ఒకటి పంపాను. వాళ్లు దాన్ని ఉట్నూరుకే పంపారని తర్వాత తెలిసింది.

డిసెంబరులో ఖాజా మియాను నౌకరి నుంచి తీసేశారు. ఆ వారమే నేను ఇంకో రిపోర్టు రాశాను. మూత రంధ్రం మట్టితో మూసుకుపోయిందని. నా చేతితో రాసిన అబద్ధం అదొక్కటే. మే కాగితం తప్పు, అబద్ధం కాదు. పది రోజుల్లో జవాబు వచ్చింది: మీరు తెలిపిన విషయం గమనించబడినది, విచారణ ముగిసినందున చర్య సాధ్యపడదు. అంటే వాళ్లకు తెలుగు చదవడం వచ్చు. జవాబు రాయడమూ వచ్చు. అబద్ధానికి రాశారు. నిజానికి రాయలేదు.

జులైలోనే మట్టి అని రాసి ఉంటే ఆయన నౌకరి ఉండేదా? పంతులు మాట నిలబెట్టుకునేవాడా? ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. నాకు నేను వేసుకున్నన్నిసార్లు ఎవరూ వేయలేదు. నిలబెట్టుకునేవాడనే ఇప్పుడు అనుకుంటున్నాను. అయినా రంధ్రాన్ని మూసింది మట్టి కాదు. ఈ రెంటి మధ్య నాకు ఇంతవరకు కుదరలేదు.

కుర్రమెకానిక్కులు నా దగ్గరికి వస్తే ఈ కేసు నుంచి రెండు సంగతులు చెబుతాను. బండి ఆగినప్పుడు ఏం చేస్తే లేచిందో డ్రైవరును అడగండి, ఎంత వింతగా చెప్పినా నవ్వకండి. ఏ మందు పనిచేసిందో తెలిస్తే రోగం సగం తెలిసినట్టే. రెండోది, ట్రయలుకు పోయేముందు బండి ఏ రూపంలో వచ్చిందో ఆ రూపంలోకి తెచ్చి నడపండి. మూతలు, మేకులు, గుడ్డలు, బొట్లు సహా. మీ షెడ్డులో బాగా నడిచిందంటే బండి బాగున్నట్టు కాదు. పాత కారులో లోపం ఇంజనులోనే ఉంటుందని లేదు, బండి నిలబడి ఉన్నప్పుడు దాని మీద ఎవరెవరి చేతులు పడుతున్నాయో కూడా అడగాలి. ఇంతకన్నా వృత్తి రహస్యం నాకు తెలియదు.

ఖాజా మియా ఇప్పుడు మంచిర్యాలలోనే ఉన్నాడు. సర్కారు నౌకరి ఎందుకు పోయిందని అడిగి, జవాబు విన్నాక ఎవరూ ఆయన చేతికి బండి ఇవ్వలేదు. నా షెడ్డుకు నాలుగు దుకాణాల అవతల లారీ ట్యూబులకు పంక్చర్లు వేస్తాడు. అరవై దాటాయి, చూపు తగ్గింది. నౌకరి ఇప్పుడు ఇచ్చినా చేయలేడు. ఆయన అది అడగడం లేదు. పోయిన నెల నాతో అన్నాడు, నేను చచ్చేలోపల నేను చోర్ కాదని ఆ ఆఫీసోళ్లు ఒక్క కాగితం ఇస్తే చాలు, ఇంట్లో మనవలకు చూపిస్తానని.

ఆఫీసరు బదిలీ మీద పోయాడు, ఎక్కడున్నాడో తెలియదు. పంతులు పింఛను తీసుకుంటున్నాడు. కారును వేలంలో ఇనుము కింద అమ్మేశారు. ఫైలు మాత్రం ఉంది, ఫైళ్లను ఎవరూ అమ్మరు. అందులో మే నెల ఉర్దూ కాగితం ఉంది, జులై ఉర్దూ రిపోర్టు ఉంది, నేను రిజిస్టరు చేసి పంపిన తెలుగు రిపోర్టులు ఉన్నాయి. రసీదులు నా దగ్గర ఉన్నాయి. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చున్న ఆఫీసరు గారూ, మీరెవరో నాకు తెలియదు, ఆ తప్పు మీరు చేసింది కాదు. ఉర్దూ రాకపోతే నన్ను పిలవండి, శుక్రవారం నా షెడ్డు మూసి ఉంటుంది, నా ఖర్చు మీద బస్సెక్కి వచ్చి మీ ముందు నిలబడి చదివి వినిపిస్తాను. కుర్చీ కూడా వేయనక్కర్లేదు. పెట్రోలు ఎవరు తాగారో, మూత ఎందుకు తీశారో అన్నీ రాసి ఉన్నాయి. చదివి, ఖాజా మియా దొంగ అవునో కాదో ఒక్క ముక్క రాసి పంపండి. పదకొండేళ్లయింది. జవాబు కావాలి.